ఒకే పాట, నాలుగు గొంతులు, మా కాక

సిరిసిల్లలో మా పక్కింటి కాక పోయాడని మొన్న బుధవారం ఫోన్ వచ్చింది. నేను జగిత్యాల బడిలో మూడో పీరియడ్ చెబుతున్నాను. చెప్పినవాడు తెలిసినవాడే. అయినా నమ్మకుండా వరండాలోకి వచ్చి ఇంకొకరికి ఫోన్ చేసి అడిగాను. ఆయనా అదే మాట చెప్పాడు. నాది మొదటినుంచీ అనుమానపు బుద్ధి. పాలాయన పాలు పోస్తుంటే కొలత చూడను, ఆయన మొహం చూస్తాను. చావు కబురును కూడా రెండు నోళ్ల వింటే తప్ప నమ్మని ఈ బుద్ధిని చూసి ఆ రోజు నాకే సిగ్గేసింది.

ఆయన నాకు సొంత కాక కాదు. ఇంగ్లిష్ టీచరుగా సిరిసిల్లలో మూడేళ్లు ఉన్నప్పుడు నేను అద్దెకున్న ఇంటి పక్కన ఆయన ఇల్లు. దుబాయిలో కొన్నేళ్లు కూలి చేసి తిరిగొచ్చి, నాలుగు సాంచెలు నడిపేవాడు. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. దుబాయి నుంచి ఆయన తెచ్చుకున్నవాటిలో చివరిదాకా మిగిలింది ఒక టేప్ రికార్డరు, ఒక క్యాసెట్టు. ఒకే గదిలో ఉన్న సూడాన్ మనిషి పోతూపోతూ ఇచ్చాడట ఆ క్యాసెట్టు. అందులో ఉన్నది ఒకే పాట, నాలుగు గొంతుల్లో. అమెరికా పత్తి చేలల్లో చాకిరీ చేసిన నల్లజాతివాళ్ల దుఃఖంలోంచి పుట్టిన పాటలను బ్లూస్ అంటారు కదా, అలాంటిది. పనికోసం ఊళ్లు పట్టి తిరిగినవాడు ఇంటికి వచ్చేసరికి తలుపు తీసే మనిషే లేదని చెప్పుకుంటాడు. అంతే పాట.

ఇంగ్లిష్ ముక్క రాని మనిషికి ఈ పాటతో ఏం పని అని నాకు మొదటిరోజే అనుమానం. అర్థం చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అద్దు సారు. అర్థం తెలిస్తే నలుగురూ మంచోళ్లే అనిపిస్తరు. గాళ్లు పత్తి ఏరిండ్రు, మనం బట్ట నేస్తున్నం. నడిమిట్ల దారమొక్కటే. నాకు గంతే చాలు."

ఆదివారం పొద్దున సాంచెలు బంద్. స్టూలు మీద టేప్ రికార్డరు పెట్టె, ఎదురుగా నాకో కుర్చీ. కాక పెట్టె మీద అరచెయ్యి ఆనించి, రెప్ప వెయ్యకుండా నా మొహంలోకి చూసేవాడు. పాట అయ్యాక తీర్పు. మొదటి ముసలాయన ఒక్క గిటారుతో పాడాడు. "ఈయన పాడుతలేడు సారు, చెప్తున్నడు." రెండోది ఆడమనిషి గొంతు. "ఈమె ఏడుస్తలేదు, కోపం మీదున్నది." మూడోవాడికి వెనక పెద్ద బ్యాండు. "ఈనికి పెండ్లికి పోయే తొందరున్నది." నాలుగోవాడు పడుచువాడు, తేనెలాంటి గొంతు. కాక పెదవి విరిచేవాడు. "గొంతు మంచిగున్నది. గందుకే నాకు నమ్మకం లేదు."

ఒకే పాటను ఎన్నిసార్లు వింటావు కాకా అంటే, "ఒక్క కంపెనీవే నాలుగు సాంచెలు. ఒక్కొక్కటి ఒక్కో తీరుగ మొత్తుకుంటది. గిదీ గంతే" అనేవాడు.

ఆ చూపే నాకు పడేది కాదు. క్యాసెట్టు ఎత్తుకుపోతానని కాపలా కాస్తున్నాడేమో అనుకునేవాణ్ని. ఓసారి, పాటను నా ఫోన్లోకి ఎక్కించుకుంటానని అడిగాను కూడా. "ఫోన్ల ఎక్కించుకుంటే నీకు గీడికచ్చే పనేముంటది?" అని క్యాసెట్టు బీరువాలో పెట్టేశాడు. పీనాసి అనుకున్నాను. వెనకనుంచి పిలిస్తే పలికేవాడు కాదు, గర్వం అనుకున్నాను. ఎదురుగా నిలబడితే మాత్రం మాట పూర్తికాకముందే జవాబు చెప్పేవాడు. పోనుపోను, ఈయన పాట వినడమే లేదు, తీర్పులన్నీ నోటికొచ్చినట్టు చెబుతున్నాడని నాకు గట్టిగా అనిపించింది.

అప్పుడే కోరుట్లలో మా నాన్న పోయాడు. దినాలు చేసి తిరిగొచ్చిన ఆదివారం నేను కాకకు పరీక్ష పెట్టాను. మొదటి ముసలాయన పాట పెడుతున్నానని చెప్పి, నాలుగో పడుచువాడిది పెట్టాను. పాట సగంలో, ఆ తలుపు మాట దగ్గర, నాకు మా కోరుట్ల ఇంటి గడప కళ్లముందుకు వచ్చింది. తల తిప్పుకున్నాను. కాక నావైపే చూస్తున్నాడు.

"ముసలాయన ఇయ్యాల ఎన్నడూ లేనంత నిజం చెప్పిండు సారు" అన్నాడు మెల్లగా. "లోపల్నే పోగు తెగినట్టున్నది."

దొరికాడు అనుకున్నాను. ఎవరు పాడుతున్నారో కూడా తెలియని మనిషి! సగం చాయ్ వదిలేసి లేచాను. తర్వాతి ఆదివారం తలనొప్పన్నాను. ఆ తర్వాత పేపర్లు దిద్దాలన్నాను. మూడు నెలలకు జగిత్యాలకు బదిలీ అయితే గేటు బయటినుంచే చెయ్యూపి బస్సెక్కాను.

కాక పోయిన ఐదో రోజున సిరిసిల్ల వెళ్లాను. కాక భార్యను నేను చిన్నమ్మా అంటాను. వాకిట్లో కూర్చోబెట్టి ఆమె మామూలుగానే చెప్పింది.

"నువ్వచ్చేటాలకే ఆయనకు సగం చెవులు పోయినయి సారు. సాంచెల కాడ ఎవలికి మిగుల్తయి? నువ్వున్న ఆఖరి రెండేండ్లయితే ఏం ఇనవడకపోతుండె. పెదవులు జూసి మాట్లాడెటోడు. సాంచెల్ల అందరు గట్లనే మాట్లాడుకుంటరు. నీకెరుక లేదా?"

"మరి పాట చిన్నమ్మా?"

"పాట ఏడ? చెయ్యికి జర్ర దడదడ తెలుస్తుండె, గంతే. నీ మొకం జూస్తుండె. 'సారు మొకం జూస్తె నాకు ఇనవడ్డట్టే ఉంటదే' అనెటోడు. నాలుగోనిది అచ్చినప్పుడల్లా నువ్వే మొకం ముడుస్తుంటివట. గా ముసలాయన పాట పెట్టిన దినం సారు కండ్లల్ల నీళ్లచ్చినయి, వాళ్ల బాపు యాదికచ్చిండని, ఇంట్లకచ్చి ఆయన గూడ కండ్లు తుడుసుకున్నడు. మల్లచ్చే ఆదివారం కుర్చీ ఏసిండు. నువ్వు రాలే. ఆ తర్వాత గూడ ఏసిండు."

నాలుగోవాడిని నమ్మనిది కాక కాదు. ఆ అపనమ్మకం నా మొహానిది. అది నమ్మినరోజు ఆయనా నమ్మాడు. మూడేళ్లు నన్ను అంత శ్రద్ధగా చదివిన మనిషిని నేను దొంగను పట్టినట్టు పట్టుకుని వదిలేశాను. క్షమించు కాకా అని పైకే అన్నాను. ఎదురుగా ఉండి అనాల్సిన మాట అది.

చిన్నమ్మ లోపలికి వెళ్లి పెట్టె తెచ్చి స్టూలు మీద పెట్టింది. "ఒక్కసారి పెట్టు సారు" అంది. నాలుగోవాడిది పెట్టాను. పెట్టె మీద అరచెయ్యి ఆనిస్తే, గిటారు దెబ్బ ఒక్కొక్కటే చేతిలోకి వస్తోంది.

చిన్నమ్మకు చెవులు బాగానే వినిపిస్తాయి. అయినా ఆమె కాక కూర్చునే చోట కూర్చుని, పాట అయిపోయేదాకా నా మొహమే చూస్తూ ఉంది.