బండి అడిగే గేరు

2023 వేసవిలో జరిగిన సంగతి. రాంగోపాల్‌పేటలో పాత గోడౌన్ల వరసలో మా షెడ్డు ఉంది. అందులో చెప్పుకోదగ్గ వస్తువు ఒక్కటే, డైనో. బండిని బెల్టులతో బిగించి, వెనక చక్రాన్ని పెద్ద ఇనుప రోలర్ మీద తిప్పితే, ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతున్నప్పుడు చక్రానికి ఎంత శక్తి అందుతోందో ఆ యంత్రం గీత గీసి చూపిస్తుంది. గీతకు మొహమాటం లేదు. అందుకే మా దగ్గరికి నవ్వుతూ వచ్చి మొహం మాడ్చుకుని వెళ్లేవాళ్లే ఎక్కువ.

ట్రాక్ మీద బండి నడిపేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఎగ్జాస్ట్ గురించే. కంపెనీ ఇచ్చింది పీకేసి బయటిది బిగిస్తే ఎంత పెరుగుతుంది? మన దగ్గర ఆ వస్తువును సైలెన్సర్ అంటారు. మోత కోసం కొనే వస్తువుకు ఆ పేరు ఉండటం చూసి నవ్వుకునే ఓపిక కూడా నాకు పోయింది. కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవాణ్ణి చూసి వెక్కిరించే పట్టభద్రులే, ఆ గొట్టం తగిలించగానే బండికి ప్రాణం వచ్చిందంటారు. ఎలా తెలిసిందయ్యా అంటే, "వింటే తెలుస్తలేదా?" అంటారు. తాయెత్తు కట్టుకున్నవాడు నయం, దాన్ని చొక్కా లోపల దాచుకుంటాడు.

మల్లేశ్ అలా అడగడానికి రాలేదు. పోట్లాడటానికి వచ్చాడు. బోయిన్‌పల్లి మార్కెట్లో టమాటా కమిషన్ వ్యాపారం అతనిది. వేలంపాట పాడీ పాడీ గొంతు ఎప్పుడూ పై స్థాయిలోనే ఉంటుంది. ముప్పై దాటాక రేసింగ్ మొదలుపెట్టాడు. చెన్నై దగ్గరి ట్రాక్‌లో ఒక టీమ్ కొత్తవాళ్లను ఎంచుకునే రోజు దగ్గర పడుతోంది. ఈసారి టీమ్‌లో చోటు రాకపోతే బండి అమ్మేస్తానని భార్య స్వప్నకు మాటిచ్చాడు. ఆ మాట గుర్తు చేయడానికేనేమో, ఆమె కూడా వెంట వచ్చింది.

"డూప్లికేట్ అంటగట్టిండన్నా," అన్నాడు వస్తూనే. "ఫుల్ సిస్టమ్ ఏపిచ్చిన. పాతదానితోటి తిరిగినదానికంటె లేటయితున్నది. గిట్లెట్లయితది? నువ్వు డైనో మీద పెట్టి ఒక్క కాగితం రాసియ్యి. దుకాణపోని సంగతి నేను చూస్కుంట."

చివరి డబ్బా ఒక్కటే మార్చడాన్ని స్లిప్-ఆన్ అంటారు. దానివల్ల మారేది దాదాపు మోత ఒక్కటే. ఇంజన్ నుంచి చివరిదాకా మొత్తం గొట్టాన్ని మార్చేది ఫుల్ సిస్టమ్. మల్లేశ్ దానితోపాటు రీమ్యాప్ కూడా చేయించాడు. అంటే, కొత్త గొట్టానికి తగ్గట్టు పెట్రోలు కొలతను బండి కంప్యూటర్లో సరిచేయించాడు. ఖర్చుకు వెనకాడలేదు.

బండిని బిగించి తిప్పాం. గొట్టం అసలుదే. ఇదే రకం బండ్లకు కంపెనీ గొట్టంతో మా దగ్గరున్న గీతలతో పోలిస్తే, మధ్య వేగంలో శక్తి కాస్త తగ్గింది. పై వేగంలో మాత్రం స్పష్టంగా పెరిగింది. ఇలాంటి సిస్టమ్‌లలో అది మామూలే.

"చూడు, పెరిగింది," అన్నాను.

"పెరిగితే ట్రాక్ మీద ఏడవోయింది?"

న్యాయమైన ప్రశ్న. చాలామంది అది కూడా అడగరు.

"గేరు ఎప్పుడు వేస్తావు? మీటర్ చూసా, గేరు మార్చమని వెలిగే లైట్ చూసా?"

అతను నన్ను జాలిగా చూశాడు. "ట్రాక్ మీద మీటర్ ఎవడు జూస్తడన్నా? బండి అడుగుతది. అడిగినప్పుడు ఎయ్యాలె. మా నాయిన పాత టూ-స్ట్రోక్ బండి మీద కూరగాయల మూటలేస్కొని పోతుండె. నన్ను ముందల కూసోవెట్టుకొని నేర్పిండు. 'ఇను బిడ్డా, అగో, అడుగుతున్నది' అనెటోడు."

బండి అడుగుతుంది! ఈ నగరంలో పాత మెకానిక్కులందరి నోటా విన్న మాటే. ఆ పాత బండ్లకు అది తప్పు కూడా కాదు. మీటర్లు పనిచేయని రోజుల్లో చెవే మీటరు. కాని అనుభవం నుంచి పుట్టిన మాట కూడా, ఎక్కడ చెల్లుతుందో ఎక్కడ చెల్లదో ఎవరూ పరీక్షించకపోతే, మూఢనమ్మకంగా మారడానికి ఎంతోకాలం పట్టదు.

అతన్ని బండి మీద కూర్చోబెట్టి, మీటర్ మీద టేపు అంటించాను. ట్రాక్ మీద వేసినట్టే గేర్లు వేయమన్నాను. కొత్త గొట్టం షెడ్డు రేకులను అదరగొట్టింది. పక్క గోడౌన్లో మూటలు మోసేవాళ్లు బయటికి వచ్చి చూశారు. శక్తి పెరిగే చోటు ఇంకా రాకముందే అతను గేరు మార్చేస్తున్నాడు. గేరు పడగానే ఇంజన్ వేగం సరిగ్గా ఆ తగ్గిన భాగంలోకి జారుతోంది. అతను కొన్నదాన్ని ఒక్కసారి కూడా వాడుకోలేదు. పోగొట్టుకున్నదాన్ని మాత్రం ప్రతి గేరులోనూ వాడుకుంటున్నాడు.

మామూలుగా అయితే నేను ఇక్కడ గీతలు చూపించి ఉపన్యాసం మొదలుపెట్టేవాణ్ణి. ఆ రోజు ఎండకు నోరు పెగల్లేదు. మాట్లాడకుండా అతని చెవుల్లో మెత్తటి ఇయర్‌ప్లగ్‌లు పెట్టి, పైన హెల్మెట్ తొడిగి, మళ్లీ వేయమని సైగ చేశాను.

రెండో గేరులోనే ఇంజన్ చివరి హద్దుకు కొట్టుకుని దడదడలాడింది. అతను గేరు వేయలేదు. నా వైపు చూశాడు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. బండి ఆపి, హెల్మెట్ లాగి, చెవుల్లోవి పీకేశాడు.

"అన్నా, అడుగుతలేదే!"

ఆ గొంతులో వేలంపాట లేదు. దారి తప్పిన మనిషి గొంతు అది.

"అది ఎప్పుడూ అడగలేదు మల్లేశ్. నీ చెవే అడుగుతోంది. మోత ఇంతకుముందు ఏ స్థాయికి వచ్చినప్పుడు వేసేవాడివో, ఇప్పుడూ అక్కడే వేస్తున్నావు. కొత్తదానికి ఆ స్థాయి ముందే వచ్చేస్తోంది."

అతనికి అర్థమైందో లేదో గాని, వెనక స్టూలు మీద కూర్చున్న స్వప్న పెద్దగా నవ్వింది.

"కుక్కర్ లెక్కనే సార్! కొత్త కుక్కర్ తెచ్చినంక ఈల జెర గట్టిగొస్తది. నేను ఇంట్ల లేనప్పుడు, ఒక్క ఈలకే అయిపోయిందని ఈయన దించిండు. అన్నం పలుకు పలుకు. మల్ల కుక్కర్ మంచిగ లేదని దుకాణపోనితోటి కొట్లాటకు పోయిండు."

"గిప్పుడు గా ముచ్చటెందుకే?" అన్నాడు మల్లేశ్. కాని తనూ నవ్వాడు.

అప్పుడు నా సలహా చెప్పాను. గేరు లైటును నమ్మి నడపడం నేర్చుకుంటే కొత్త గొట్టం పనికొస్తుంది. కాని చిన్నప్పటి అలవాటు వారంలో పోదు. సెలెక్షన్‌కు పాతదే బిగించుకుని వెళ్లు. నీ చెవికి తెలిసిన బండి అది.

అతని మొహం వాడిపోయింది. "మార్కెట్ మొత్తం జూపెట్టిన అన్నా. పాతదేస్కొని పోతే నవ్వుతరు."

"గెలిస్తే ఎవ్వరు నవ్వరు. ఓడితే కొత్తదున్నా నవ్వుతరు," అంది స్వప్న.

అతను ఆ సాయంత్రమే పాతది తెచ్చి బిగించుకుని, పెట్రోలు కొలతను కూడా దానికి తగ్గట్టు మళ్లీ మార్పించుకున్నాడు.

ఖర్చుకు తగిన ఫలితం ఉంటుందా అని అడిగే పాఠకుల కోసం నాకు తెలిసింది చెబుతాను. ట్రాక్ మీద ఫుల్ సిస్టమ్ వల్ల లాభం లేదనను. బరువు తగ్గుతుంది, పై వేగంలో కొంత శక్తి వస్తుంది. కాని ఆ కొంత శక్తి, ప్రతి ల్యాప్‌నూ, అంటే ట్రాక్ చుట్టూ ప్రతి చుట్టునూ, దాదాపు ఒకే సమయంలో తిరగగలిగినవాడికే అక్కరకొస్తుంది. ఒక ల్యాప్ బాగా తిరిగి, మరో ల్యాప్ పాడుచేసుకునేవాడికి ఆ లాభం ఎక్కడుందో కనబడదు కూడా. ముందు మంచి టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, సస్పెన్షన్ చూసుకోవాలి. ఆ తరవాత ట్రాక్ మీద ఇంకొన్ని రోజులు గడపాలి. ఎగ్జాస్ట్ వంతు చివరిది. ఈ మాట విన్నవాళ్లలో చాలామంది తల ఊపి, వెళ్లి ఎగ్జాస్టే కొంటారు.

సెలెక్షన్ అయిన వారానికి ఇద్దరూ వచ్చారు. బండి లేదు, కారులో వచ్చారు. మొహం చూడగానే తెలిసిపోయింది.

"రాలె అన్నా. నా టైమ్ నాకొచ్చింది, ఇంక జెర మంచిగనే తిరిగిన. ఇంకో పిలగాడు నాకంటె మంచిగ తిరిగిండు."

సాకు కోసం ఎదురుచూశాను. ఎండ, టైరు, టీమ్‌లో ఆ పిల్లవాడికి తెలిసినవాళ్లెవరో ఉండటం. ఇన్నేళ్లుగా విన్నవే. వినడానికి కూడా ఓపిక కూడదీసుకోవాలి.

"చివరి మలుపుల భయమైంది," అన్నాడు. "బ్రేక్ ముందుగాలనే పట్టిన. ఒక్కపారి కాదు, ప్రతి ల్యాప్ల. బండి మంచిగనే ఉండె. నేనే పట్టిన."

తరవాత అతనే, బండికి బేరం ఏమైనా ఉంటే చూడమన్నాడు. మాట మాటేనన్నాడు.

స్వప్న నా వైపు తిరిగింది. "సార్, పెండ్లైనప్పటి సంది చూస్తున్న. తప్పు టైరుది అయింది, వానది అయింది, దుకాణపోనిది అయింది, శానా సార్లు నాది సుత అయింది. ఈయనది అయినట్టు ఇదే మొదలు. బేరం గీరం వద్దు. ఇంకో ఏడాది నడపనీ."

మల్లేశ్ చివరి మలుపులో బ్రేక్ ఎక్కడ పట్టాలో ఎలా నేర్చుకోవాలని అడిగాడు. అది నా పని కాదు. తెలిసిన ఒక శిక్షకుడి పేరు చెప్పాను.

ఎన్నో ఏళ్లుగా ఈ షెడ్డులో వాదిస్తూనే ఉన్నాను. చాలాసార్లు నెగ్గాను కూడా. నెగ్గిన ప్రతిసారీ అవతలివాడు నోరు మూసుకుని వెళ్లి, మరుసటి నెల ఇంకో గొట్టంతో తిరిగి వచ్చాడు. మల్లేశ్‌తో మాత్రం నేను వాదించలేదు. అతని నమ్మకాన్ని అతనే పరీక్షించుకున్నాడు, అది నిలబడలేదని అతనే తెలుసుకున్నాడు. పరీక్షించుకోవడం ఒకసారి అలవాటైన మనిషి గొట్టంతో ఆగడు, తనదాకా వస్తాడు. ఈ కేసు నాకు నేర్పింది ఇంతే. దానివల్ల నా అలసట తగ్గలేదు. వాదించడం మాత్రం తగ్గింది.