రిమోట్ ఎవరి చేతిలో ఉంది

జీవరాజుకి విమానాల పిచ్చి పట్టింది రాంగోపాల్‌పేట్‌లో, అద్దె ఇంటి డాబా మీద. అప్పట్లో బేగంపేటలో దిగే విమానాలు చక్రాలు చాపుకుని ఆ డాబాల మీదుగా వెళ్లేవి. ఆరేసిన దుప్పట్లు ఎగిరిపోతాయేమో అనిపించేంత కిందగా వెళ్లేవి. వాళ్ల నాన్న ఏలూరు నుంచి వచ్చి సికింద్రాబాదులో టైపిస్టుగా స్థిరపడ్డ మనిషి. కొడుకు పైలట్ అవుతానంటే నవ్వి, ముందు లెక్కల్లో పాసవమన్నాడు. జీవరాజు లెక్కల్లో పాసయ్యాడు, డిగ్రీ అయింది, బీఈడీ అయింది, చివరికి ఒక మిషన్ స్కూల్లో ఫిజిక్స్ మాస్టారుగా తేలాడు. బేగంపేటకి ప్రయాణికుల విమానాలు రావడం ఆగిపోయిన కొన్నేళ్లకి, జుట్టు నెరవడం మొదలయ్యాక, తనే విమానాలు చెయ్యడం మొదలుపెట్టాడు.

లాలాగూడలో వాళ్ల ఇంటి వెనక వరండాయే కార్ఖానా. ఫ్రిజ్ పెట్టెల్లో వచ్చే థర్మోకోల్, ఫోమ్ షీట్లు, కబాబ్ పుల్లలు, రంగురంగుల టేపు. మోటారు, బ్యాటరీ, రిమోట్ మాత్రం కొనాల్సిందే. మిగతాదంతా బ్లేడుతో కోసి, జిగురు పెట్టి అతికించడమే. భార్య ప్రిసిల్లా ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. "ఈ ఇంట్లో అన్నంలో కూడా థర్మోకోల్ పూసలే వస్తున్నాయి" అని విసుక్కునేది కానీ, విమానం పూర్తయిన రోజు తనే ముందు ఫొటో తీసేది.

మొదట్లో చేసినవన్నీ కూలిపోయాయి. ముక్కు బరువెక్కువై కొన్ని, తోక బరువై కొన్ని. ఒకటి వాటర్ ట్యాంకులో పడింది. ఆ రోజుల్లోనే సూరి పరిచయమయ్యాడు. విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబం, బేగంపేటలో బ్యాంకు ఉద్యోగం, మాటకారి. కొనుక్కున్న విమానం విరగ్గొట్టుకుని, బాగుచేసేవాళ్ల కోసం వెతుక్కుంటూ ఎవరో చెప్తే లాలాగూడ వచ్చాడు. జీవరాజు అతని ముందే కూర్చుని విరిగిన రెక్కలో పుల్ల దూర్చి అతికించాడు.

"ఏటి మాస్టారూ, ఇంత తేలికా!" అన్నాడు సూరి.

ఆ రోజు మొదలైన స్నేహం పదేళ్లు నడిచింది. 'మాస్టారు' పోయి 'జీవా' వచ్చింది, 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. చెయ్యడం జీవరాజు వంతు, ఎగరెయ్యడం ఇద్దరి వంతూ. కీసర వెళ్లే దారిలో, ప్లాట్లు వేసి అమ్ముడుపోక వదిలేసిన ఒక వెంచర్ వాళ్లకి దొరికింది. హద్దురాళ్లు, మధ్యలో నల్లగా సాఫీగా ఉన్న తారురోడ్డు, చుట్టూ గడ్డి. ఆదివారం పొద్దున చర్చిలో మొదటి ఆరాధన కాగానే జీవరాజు విమానం స్కూటీ వెనక కట్టుకుని బయలుదేరేవాడు. మెల్లగా ఇంకొందరు చేరారు. వీళ్లందర్నీ చూసి ఓంప్రకాశ్ అనే చాయ్‌వాలా కూడా మోపెడ్ మీద స్టవ్ పెట్టుకుని రావడం మొదలుపెట్టాడు. ముందు ఒక గొడుగు, నాలుగు ప్లాస్టిక్ స్టూళ్లు. విమానాలంటే అతనికీ సరదానే. బాగా ఎగిరితే చప్పట్లు కొట్టేవాడు, కూలిపోతే ముక్కలు ఏరుకొచ్చి ఇచ్చేవాడు.

స్నేహం పదో ఏట వానాకాలమంతా కూర్చుని జీవరాజు ఒక పెద్ద విమానం చేశాడు. పసుపురంగు, రెక్క చివరి నుంచి చివరికి మనిషి ఎత్తుంటుంది. అంత పెద్దది అంతకుముందు చెయ్యలేదు. వానలు తగ్గాక మొదటి ఆదివారం తీసుకెళ్లి ఎగరేశాడు. బ్రహ్మాండంగా ఎగిరింది. అందరూ చేరారు. చేతిలో రిమోట్ ఉన్నంతసేపూ జీవరాజు ఎవరితోనూ మాట్లాడలేదు. దింపాక మాత్రం నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఇప్పుడు నాకివ్వు" అన్నాడు సూరి.

ఇచ్చాడు. ఎప్పుడూ ఇచ్చేవాడే.

సూరి రెండు చుట్లు బాగానే తిప్పాడు. తర్వాత ఎవరో ఫోన్ పట్టుకుని వీడియో తీస్తుంటే హుషారొచ్చింది. "రోడ్డు మీదుగా కిందికి తెస్తా, చూడండి" అన్నాడు. విమానం దూరంగా వెళ్లి వాళ్ల వైపు తిరిగింది. విమానం మన నుంచి పోతున్నప్పుడు రిమోట్‌లో కుడికి తోస్తే కుడికే పోతుంది. మనకి ఎదురొస్తున్నప్పుడు మాత్రం చూసే కంటికి అంతా తిరగబడుతుంది, కుడికి తోస్తే మన ఎడమకి పోతుంది. నేర్చుకునే ప్రతివాడూ అక్కడే దెబ్బతింటాడు. సూరి ఎప్పుడో నేర్చుకున్నవాడే. కానీ అంత కిందగా, అంత పెద్దది, అంత వేగంగా ఎదురొచ్చేసరికి చెయ్యి తడబడింది. అటు తొయ్యబోయి ఇటు తోశాడు. విమానం రోడ్డు వదిలి ఓంప్రకాశ్ గొడుగు వైపు తిరిగింది.

"జీవా! పట్టు, పట్టు!"

సూరి రిమోట్ తెచ్చి జీవరాజు చేతుల్లో కుక్కాడు. జీవరాజు మోటారు ఆపి, ముక్కు పైకి లాగాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. సూరి అరుపుకే స్టవ్ మీది పాల నుంచి తలెత్తి చూసిన ఓంప్రకాశ్, మొహానికి అడ్డంగా కుడిచెయ్యి పెట్టుకున్నాడు. విమానం ముక్కున ఇంకా తిరుగుతున్న ఫ్యాను ఆ చేతిని కోసేసింది.

అందరూ అటు చూసి, వెంటనే ఇటు తిరిగారు, రిమోట్ ఎవరి చేతిలో ఉందా అని. జీవరాజు చేతిలో ఉంది.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. ఎవరి తువ్వాలో చుట్టారు. సూరి కారులో తీసుకెళ్లారు. దారంతా ఓంప్రకాశ్ "అమ్మా, అమ్మా" అంటూనే ఉన్నాడు. వేళ్ల నరాలు తెగాయన్నారు, ఆపరేషన్ అన్నారు. ఆసుపత్రివాళ్లు చెప్తే పోలీసులొచ్చారు. ఎస్సై ఆసుపత్రి వరండాలో నిలబడి అడిగాడు.

"ఎవరు ఎగిరేసిండ్రు దాన్ని?"

జీవరాజు సూరి వైపు చూశాడు. సూరి వాష్ బేసిన్ దగ్గర చొక్కా మీది రక్తం కడుక్కుంటున్నాడు. వినపడేంత దూరమే.

"విమానం నాది సార్" అన్నాడు జీవరాజు.

"ఎవలదని అడగలే. రిమోట్ ఎవరి చేతుల ఉండె?"

"నా చేతిలోనే ఉంది సార్."

అది అబద్ధం కాదు. ఆ మాట అనేటప్పుడు, మిగతాది సూరి వచ్చి చెప్తాడని జీవరాజు అనుకున్నాడు. తను చెప్పడం చాడీ చెప్పినట్టుంటుంది, అతను చెప్పుకోవడం మర్యాద. సూరి చేతులు తుడుచుకుని వచ్చాడు. జీవరాజు భుజం మీద చెయ్యి వేశాడు. "మంచి మనిషి సార్, మాస్టారు. కావాలని చేసింది కాదు" అన్నాడు ఎస్సైతో.

ఆ రాత్రి కాకపోతే రేపు చెప్తాడనుకున్నాడు. మర్నాడు సూరి ఫోన్ చేసి మంచి లాయరున్నాడన్నాడు. వారం గడిచింది. ఇంట్లో ప్రిసిల్లాకి మాత్రం చెప్పాడు. ఆమె చేతిలో పని పక్కన పెట్టి కూర్చుంది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"వాడే చెప్తాడనుకున్నా."

"నువ్వు వెళ్లి ఇప్పుడు చెప్పు."

"ఇప్పుడు చెప్తే తప్పించుకోడానికి స్నేహితుణ్ణి ఇరికిస్తున్నాననుకుంటారు."

"అనుకోనీ. మేం ఏమైపోతామో అది అనుకోవా?"

అతను పోలేదు. మిగతావాళ్లని అడిగితే, కళ్లన్నీ విమానం మీదే ఉన్నాయి, రిమోట్ ఎప్పుడు చేతులు మారిందో చూడలేదు, ఆఖర్న మీ దగ్గరే చూశాం అన్నారు. వీడియో తీసినవాడిని అడిగి చూశాడు. అతను కంగారులో ఫోన్ కిందికి దించేశాడట. అందులో గడ్డీ, చెప్పులూ, అరుపులూ తప్ప ఏమీ లేవు.

నిర్లక్ష్యంగా గాయపరిచాడని కేసయింది. ఒప్పేసుకుంటే జరిమానాతో పోతుంది, పోరాడితే ఏళ్లు తిరగాలి అన్నాడు లాయరు. సూరి కూడా అదే అన్నాడు. జీవరాజు మేజిస్ట్రేటు ముందు నిలబడి ఒప్పుకున్నాడు. బయటికొచ్చాక సూరి వాటేసుకుని, "అయిపోయింది జీవా, ఇంక మర్చిపో" అన్నాడు. కోర్టు ఎదురుగా హోటల్లో ఇద్దరూ టిఫిన్ కూడా తిన్నారు. అక్కడైనా సూరి ఆ మాట ఎత్తుతాడేమోనని జీవరాజు ఎదురుచూస్తూనే ఉన్నాడు.

స్కూల్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ ఏడు వైస్ ప్రిన్సిపాల్ పోస్టు ఖాళీ అయింది. వరుస ప్రకారం అది జీవరాజుకి రావాలి. కమిటీ పెద్ద అతన్ని గదిలోకి పిలిచి కూర్చోబెట్టాడు.

"మీ మీద మాకు గౌరవమే బ్రదర్. కానీ కోర్టులో ఒప్పుకున్న మనిషిని ఆ కుర్చీలో కూర్చోబెడితే తల్లిదండ్రులు అడుగుతారు కదా. ఒక రెండేళ్లు ప్రార్థన చేద్దాం."

సైన్స్ క్లబ్బు కూడా వేరేవాళ్లకి అప్పజెప్పారు. జీవరాజు ఇంటికొచ్చి వరండాలో ఉన్న ఫోమ్ షీట్లన్నీ పాత పేపర్లవాడికి వేసేశాడు. అతను వాటిని తూకం కూడా వెయ్యకుండా బండి మీద పడేసుకుని వెళ్లిపోయాడు.

ఏడాది తర్వాత స్కూల్ ల్యాబుకి మరలు కొనడానికి రాణిగంజ్ వెళ్తే, కొట్లో ఒక కుర్ర ఇంజనీరు చిన్న చిన్న బోల్టులు ఏరుకుంటున్నాడు. చూడగానే తెలిసింది అవి దేనికో. మాటల్లో పేరు సత్యదేవ్ అన్నాడు.

"మీరు కూడా ఫ్లై చేస్తారా సార్? మీ పేరు?"

చెప్పాడు. అతని మొహం ఒక్కసారి మారిపోయింది.

"కీసర... ఆ జీవరాజు గారా? సారీ సార్. మా సంఘంలో కొత్తగా చేరినవాళ్లందరికీ సూరి సార్ మొదటి రోజు మీ గురించే చెప్తారు. ఎంత అనుభవమున్నా అజాగ్రత్తగా ఉంటే ఏమవుతుందో అని. పాపం, ఆయన చెప్తూ కళ్లనీళ్లు పెట్టుకుంటారు సార్."

అప్పటికి సూరి ఆ గుంపుని సంఘం చేశాడు, తనే అధ్యక్షుడు. జీవరాజు మరలు కొట్లోనే వదిలేసి స్కూటీ ఎక్కాడు. తిన్నగా బేగంపేట వెళ్లి, బ్యాంకు బయట, మెట్రో మెట్ల కింద నిలబడ్డాడు. సూరి ఆఫీసు నుంచి దిగి, అతన్ని చూసి చేతులు చాపుకుంటూ వచ్చాడు.

"ఏటి జీవా, చెప్పా పెట్టకుండా!"

"కొత్తవాళ్లకి ఏం చెప్తున్నావు సూరీ, నా గురించి?"

సూరి చేతులు దించాడు. "జాగ్రత్త కోసం చెప్తాను. పేరు చెప్పకుండా ఉండాల్సింది. తప్పే."

"పేరు సంగతి కాదు. ఎవరు ఎగరేశారు దాన్ని?"

"ఇద్దరం ఎగరేశాం."

"గొడుగు వైపు తిప్పిందెవరు?"

మెట్రో దిగిన జనం వాళ్లని రాసుకుంటూ పోతున్నారు. సూరి గొంతు తగ్గించాడు. అందులో బెదురు లేదు, దాపరికం లేదు. అదే జీవరాజుని ఎక్కువ నొప్పించింది.

"చూడు జీవా. నేను నీ చేతికి ఇచ్చేసరికి అదింకా గాల్లోనే ఉంది. నువ్వు కాపాడతావనే కదా ఇచ్చాను. నాకంటే నువ్వే బాగా ఎగరేస్తావు. నువ్వు కాపాడలేకపోయావు. నేనెప్పుడైనా నిన్ను ఒక్క మాట అన్నానా?"

సూరి అబద్ధమాడటం లేదు. ఇన్నాళ్లలో దాన్ని అలాగే నమ్మేశాడు. జీవరాజుని క్షమించేశాడు కూడా.

మర్నాడు జీవరాజు ఓంప్రకాశ్‌ని వెతుక్కుంటూ వెళ్లాడు. ఆపరేషన్ అప్పుడు చూడ్డానికి వెళ్లడమే, తర్వాత మొహం చెల్లక వెళ్లలేదు. ఓంప్రకాశ్ మౌలాలీ దగ్గర చిన్న చాయ్ కొట్టు పెట్టాడు. కుడిచేతి వేళ్లు రెండు వంగవు. గ్లాసులు ఎడమచేత్తో అందిస్తున్నాడు, చాయ్ భార్య పోస్తోంది.

"సార్! ఎన్ని దినాలకు! కూసోండి."

జీవరాజు కూర్చోలేదు. "ఓంప్రకాశ్, నీకొకటి చెప్పాలి. ఆ రోజు విమానం నడిపింది నేను కాదు. ఆఖర్న నా చేతిలో పెట్టారు, అంతే. ఒక్కడివైనా నువ్వు తెలుసుకోవాలని వచ్చా."

ఓంప్రకాశ్ గ్లాసు కింద పెట్టాడు.

"నాకెర్కే సార్."

"ఏంటి?"

"చూసిన కద. తల ఎత్తినప్పుడు రిమోట్ డబ్బా సూరి సార్ చేతులనే ఉండె. మీకిచ్చుడు సుత చూసిన."

"మరి పోలీసులకి ఎందుకు చెప్పలేదు?"

"మీ చేతులనే ఉండెనని మీరే చెప్పిండ్రని ఎస్సై సార్ అన్నడు. మీరిద్దరు దోస్తులు, ఏదో మాట అనుకున్నరేమోనని ఊకున్న." అతను భార్య వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "ఇగ సూరి సార్ మా బిడ్డకు వాళ్ల తెలిసిన ఆఫీసుల నౌకరి ఇప్పిచ్చిండు. మీరు రమ్మంటే వచ్చి చెప్తా సార్. కానీ జెర పిల్లది పరేషాన్ అయితది."

జీవరాజు ఆ వంగని వేళ్లకేసి చూశాడు. "వద్దులే" అన్నాడు. ఓంప్రకాశ్ పట్టుబట్టి చాయ్ ఇచ్చాడు. వద్దనలేక తాగాడు.

ఇంటికొచ్చి ప్రిసిల్లాకి జరిగింది చెప్పాడు. ఆమె విని, "పోనీలే, చూసినవాడు ఒకడున్నాడని తెలిసింది కదా" అంది.

"ఎవరూ చూడలేదనుకున్నప్పుడే నయంగా ఉండేది" అన్నాడు.

ఇప్పుడతను ఆదివారాలు రెండో ఆరాధనకి కూడా ఉండిపోతున్నాడు, వెళ్లాల్సిన చోటు లేదు కాబట్టి. వైస్ ప్రిన్సిపాల్‌గా వచ్చినాయన అతని కంటే చాలా చిన్నవాడు, మర్యాదగానే ఉంటాడు. సూరి సంఘం బాగా నడుస్తోంది. కొత్త పిల్లలు చాలామంది చేరుతున్నారట.