కిడ్నీల మీది టోపీలు

స్కూలు యూనిఫారాలు కుట్టే ఆవిడని వీధిలో అందరూ కత్తెరక్క అనేవారు. ఆ పనిలో ఆమెది అందె వేసిన చెయ్యి. అలాంటి మనిషి, తన తల్లి చనిపోయిన ఏడాది, అన్నిటికీ చల్లబడిపోయింది. అంత్యక్రియలనాడు కూడా కంట తడి పెట్టలేదు.

"మా వదినది రాతి గుండె," అని ఆడపడుచు నలుగురిలో అనేసింది. కత్తెరక్క విన్నది. కోపం రావాలని తెలుసు. రాలేదు.

తర్వాత ఒంట్లో ఓపిక కారిపోసాగింది. లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్మేవి. నీడపట్టున కూర్చునే మనిషి నల్లబడింది. అరచేతి గీతలు మసి పూసినట్టయ్యాయి. తిండి సయించేది కాదు గానీ, ఉప్పు మాత్రం చేతిలో పోసుకుని నాకేది.

"నువ్వు మనిషివా, మేకవా?" అని నవ్వాడు బస్సు నడిపే భర్త.

"ఏమోనండీ. తినాలనిపిస్తోంది."

అందరూ దిగులే అనుకున్నారు. ఆమె కూడా అదే అనుకుంది. స్కూళ్లు తెరిచే రోజుల రద్దీలో జ్వరం, వాంతులు పట్టుకుని బట్టలు కత్తిరించే బల్ల దగ్గరే కుప్పకూలింది. ఎవరో పడిపోతున్నారే అనుకుందట ఆ క్షణంలో, తను కానట్టు.

ఆసుపత్రిలో బీపీ అందలేదు. డాక్టరమ్మ ఆమె అరచేతులు, చిగుళ్లు చూసింది. రక్తం తీయించి, ఫలితం కోసం ఆగకుండానే ఇంజెక్షన్ ఇచ్చి సెలైన్ ఎక్కించింది.

తేరుకున్నాక మంచం పక్కన కూర్చుని చెప్పింది. "ఒక్కో కిడ్నీ మీద టోపీలాగా ఒక గ్రంథి ఉంటుందమ్మా. అడ్రినల్ అంటాం. పైపొర, లోపలి గుజ్జు తల్లి కడుపులో వేర్వేరు చోట్ల పుట్టి ఒకటవుతాయి. లోపలిది భయం వేసినప్పుడు గుండె దడదడలాడించే అడ్రినలిన్ ఇస్తుంది. పైపొర ఒంట్లో ఉప్పు నిలిపే హార్మోను ఒకటి, జబ్బు చేసినప్పుడు తట్టుకునే బలం ఇచ్చే కార్టిసాల్ ఒకటి తయారుచేస్తుంది. మీ ఒళ్లే ఆ పైపొరని శత్రువనుకుని తినేసింది."

"అస్తరు బాగానే ఉంది, పైబట్టే పోయిందన్నమాట," అంది కత్తెరక్క. తర్వాత అడిగింది: "మా అమ్మ పోతే ఏడుపు రాలేదు. అదీ దీనివల్లేనా?"

"కొంత కావచ్చు. ఖాయంగా చెప్పలేనమ్మా," అంది డాక్టరమ్మ.

బతికినన్నాళ్లూ మాత్రలు వేసుకోవాలి. జ్వరమొస్తే మోతాదు పెంచాలి. వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే అదే మందు సూదిగా పొడిచి ఆసుపత్రికి రావాలి. నర్సు భర్తకి బత్తాయి పండు మీద సూది పొడవడం నేర్పింది.

ఒంటి రంగు తేరింది, ఆకలి పుట్టింది. ఏడుపు వస్తుందేమోనని తల్లి చీర ఒళ్లో పెట్టుకుని చూసింది. రాలేదు. మడిచి లోపల పెట్టేసింది.

వానాకాలంలో మళ్లీ జ్వరం. మాత్ర వేసుకోవడం, కక్కడం. అంత పెద్ద బస్సు తిప్పే మనిషి సూదిలోకి మందు లాగి ఆమె పక్కన కూర్చున్నాడు.

"నాకు భయమేస్తోందే."

"నాకేమీ వెయ్యట్లేదు. మీరు పొడవండి."

తొడలో పొడిచాడు. ఆడపడుచు ఆటో పిలుచుకొచ్చి, దారంతా వదిన తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఆ రోజు ఏదో నోరు జారాను వదినా," అంది.

"ఎప్పుడు?" అంది కత్తెరక్క, కళ్లు మూసుకునే.