వెనక్కి పంపిన ఒక్కరు

శాసనసభ్యులు అడిగిన ఒక ప్రశ్నకు నేను జవాబు చెప్పాను గానీ, నిజం చెప్పలేదు. ఆరేళ్లయింది. ఆ రోజు హాలులో నిజం తెలిసినవాళ్లం ఇద్దరమే. ఒకడిని నేను. రెండో మనిషి తలుపు దగ్గర కింద కూర్చొని, నేను పిలుస్తానని ఎదురుచూస్తూ ఉంది.

అప్పుడు నేను మా ఊళ్ల ఆరోగ్య సంఘానికి సెక్రటరీని. కొనకనమిట్ల వైపు పన్నెండు ఊళ్లవాళ్లం ఏడాదికోసారి చందా వేసుకొని, మార్కాపురంలో ఒక ఆసుపత్రితో మాట్లాడుకున్నాం. సంఘం కార్డు చూపిస్తే వెంటనే చేర్చుకుంటారు. సర్కారు కార్డు ఆ ఆసుపత్రిలో చెల్లదు, దానికి ఒంగోలు పోవాలి. కడుపునొప్పితో మెలికలు తిరిగేవాడికి ఒంగోలు ఎంత దూరమో మా వైపు అందరికీ తెలుసు.

కార్డు ఏటా శివరాత్రి లోపల మనిషి స్వయంగా వచ్చి, వేలిముద్రో సంతకమో పెట్టి తిరగరాయించుకోవాలి. ఆ నిబంధన రాసింది నేనే. ఒకరి పేరున ఇంకొకరు వైద్యం చేయించుకోకుండా పెట్టాను. అదే సమయానికి గొర్రెలవాళ్లు మందలు తోలుకొని కురిచేడు దాటి కాలవ కింద పొలాలకు పోతారని నాకు తెలుసు. అయినా అది ఆలోచించలేదు.

మా ఊరి గొర్రెలాయన ఒకరు మొదటి ఏడాది నుంచీ సభ్యుడు. నేను మామా అనేవాణ్ని, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. ఆ ఏడు పొలాల్లోంచి ఫోన్ చేశాడు.

"అల్లుడా, మంద ఇడిచి రాలేను. చందా నా తమ్ముడు తెచ్చిస్తాడు. వేలిముద్ర నువ్వే వేసెయ్. నీ బొటనవేలు, నా బొటనవేలు ఒకటి కాదా ఏంది?"

"కుదరదు మామా. మనిషి రావాల్సిందే."

"పిల్లనిచ్చే మామనైతే ఇట్ల అంటావా నువ్వు!" అని నవ్వి పెట్టేశాడు.

ఆ వారంలోనే హైదరాబాదులో ఉంటున్న మా బాబాయి ఇంటివాళ్ల కార్డులు నేనే తిరగరాశాను. నాలుగు సంతకాలూ నా చేతివే. అది తప్పని అప్పుడు అనిపించలేదు. మనవాళ్లే కదా, ఎక్కడికి పోతారు అనుకున్నాను. మామ తమ్ముడు చందా తెస్తే మాత్రం వెనక్కి పంపాను.

ఉగాది దాటాక ఆయనకు కడుపులో పేగు మెలికపడింది. ఆయన భార్య, నేను అత్తా అని పిలిచే మనిషి, ఆయన్ను రైలెక్కించుకొని మార్కాపురం తెచ్చింది. కార్డు చెల్లదన్నారు. నాకు ఫోన్ చేసింది. "కమిటీలో పెట్టి చూస్తా అత్తా" అన్నాను. రెండు రోజులు చూశాను. ఆ రెండు రోజులూ ఆయన తమ్ముడి ఇంట్లో కషాయాలు తాగుతూ పడుకున్నాడు. మూడో రోజు ఒంగోలు తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు.

కార్డు ఎందుకు తిరగరాయించలేదని ఊళ్లో అడిగారు. ఆ ఏడు చందా డబ్బు తాగేశాడని ఎవరో అన్నారు. అందరూ నమ్మారు. ఆయన తమ్ముడి మాట ఎవరూ వినలేదు. నేను కాదనలేదు.

ఆ ఎండాకాలమే అయిదుగురు శాసనసభ్యులు మార్కాపురం వచ్చారు. మాలాంటి సంఘాలకు ప్రభుత్వం సాయం చేయాలా వద్దా అన్నది వాళ్లు తేల్చాలి. హాలు నింపడానికి ఊళ్లనుంచి ఆటోల్లో జనాన్ని పిలిపించాను. అత్త పిలవకుండానే వచ్చింది.

"ఆయన ఫోన్ చేసినాడని నాలుగు మాటలు చెప్పుకుంటా అల్లుడా. తాగుబోతు అనిపించుకొని పోయినాడు."

"చివర్లో పిలుస్తా, కూర్చో అత్తా" అన్నాను.

శాసనసభ్యుల్లో వాదన మొదలైంది. "సర్కారు కార్డు ఉండగా ఇదొకటి ఎందుకయ్యా?" అన్నాడు ఒకాయన.

"అన్నా, నువ్వు కారులో పోతావు. కడుపునొప్పి పెట్టుకొని బస్సులో ఒంగోలు పోయి చూడు, ఎందుకో తెలుస్తది" అన్నాడు మా వైపు సభ్యుడు. జనం చప్పట్లు కొట్టారు.

"ఇట్లాంటి సంఘాలు నేను చానా చూసినా. చందా ఊరందరిది, ఆసుపత్రి మంచం ప్రెసిడెంటు బామ్మర్దిది!" అన్నాడు మొదటాయన. హాలంతా నవ్వింది. ఆయన నా వైపు తిరిగాడు. "ఏమయ్యా సెక్రటరీ, అవసరానికి వచ్చిన సభ్యుణ్ని ఎవరినన్నా వెనక్కి పంపినారా? ఒక్కరినన్నా?"

నిజం చెబితే సాయం పోతుంది, పన్నెండు ఊళ్ల నోట్లో మట్టి కొట్టినవాణ్ని అవుతాను అనుకున్నాను. మా బాబాయివాళ్ల సంతకాలు కూడా గుర్తొచ్చాయి. ఏది ముందు గుర్తొచ్చిందో ఇప్పటికీ తేల్చుకోలేను.

"లేదు సార్. ఒక్కరిని కూడా పంపలేదు."

తలుపు వైపు చూడలేదు. తర్వాత చూస్తే అత్త లేదు.

సాయం మంజూరైంది. అసెంబ్లీలో దాని మీద చర్చ జరిగిన రోజు టీవీ చూశాను. "ఒక్కరిని కూడా వెనక్కి పంపలేదు అధ్యక్షా" అని మా సభ్యుడు గట్టిగా చెప్తున్నాడు. అవతలివాళ్లు అరుస్తున్నారు. మా ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. నేను లేచి బయటకు వచ్చాను.

అప్పటినుంచి మార్కాపురం బస్టాండులో గొంగడి భుజాన వేసుకున్న మనిషి అటు తిరిగి నిలబడి కనిపిస్తే చాలు, చుట్టూ తిరిగి ముఖం చూడనిదే నా కాళ్లు కదలవు. మామ నంబరు ఇంకా నా ఫోనులో ఉంది. ఒక మధ్యాహ్నం వేలు తగిలి ఆ నంబరుకు ఫోన్ పోయింది. ఎవరో ఎత్తారు. "ఎవురూ?" అన్న ఆ ఒక్క మాటకే పెట్టేశాను. ఆ నంబరు ఇప్పుడు వేరేవాళ్లది. నిబంధన మాత్రం అట్లాగే ఉంది. మందలతో పోయే ఇళ్లు ఒక్కొక్కటే సంఘం నుంచి రాలిపోయాయి. ఎవరూ గొడవ చేయలేదు.

ప్రశ్న అడిగిన శాసనసభ్యుడికి పోయిన ఏడు నిజం చెబుతూ ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. అప్పుడు అత్త దగ్గరికి పోయాను. కురిచేడు దగ్గర పొలంలో మరిదితో కలిసి మంద కాస్తోంది. నేను చెప్పడం మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకెందుకు చెప్తావు, నాకు తెలీదా ఏంది? తాగినాడని ఊరు అన్నది. ఊరికి చెప్పు పో."

మళ్లీ గొర్రెల వెంట నడిచింది. కూర్చోమని కూడా అనలేదు.

శివరాత్రి ముందు సంఘం సభ జరిగింది. రాజీనామా కాగితం, నిబంధన మార్చమని ఒక అర్జీ ముందే బల్లమీద పెట్టాను. మరిది అత్తను తీసుకొచ్చాడు. ఆమె ముందు వరసలో కూర్చుంది. బాబాయి కొడుకు కూడా ఉన్నాడు. లేచి నిలబడి, కాగితం చూడకుండా చెప్పాను.

"మామ తాగుబోతు కాదు. చందా పంపినాడు, నేనే తిప్పి పంపినా. కార్డు రాయమని ఫోన్ చేసినాడు, కుదరదన్నా. ఆ వారమే మా బాబాయి వాళ్ల సంతకాలు నేనే పెట్టినా. ఎవరినీ వెనక్కి పంపలేదని ఎమ్మెల్యేలకు అబద్ధం చెప్పినా. పిలుస్తానని చెప్పి అత్తను తలుపు కాడ కూర్చోబెట్టి, పిలవలేదు. మామ చావుకు నాదే తప్పు, ఆయనకు వచ్చిన చెడ్డపేరుకూ నాదే తప్పు. అత్తా, నన్ను క్షమించు."