అమ్మలు కాపలా కాసిన ఫైనల్

ఎండిన మట్టి మీద నీళ్ళు చల్లి సున్నం గీతలు వేస్తుంటే లేచే వాసనకు ఇప్పటికీ నా కాళ్ళు ఊరికే ఉండవు. మొన్న ఎర్రగుంట్లలో మా బడి పిల్లల ఆటలకు గీతలు వేయిస్తుంటే ఎస్తేరు మేడం గుర్తుకొచ్చారు. ప్రొద్దుటూరులో వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేస్తూ, ఆడవాళ్ళకంటూ ఒక కబడ్డీ పోటీని ఏటేటా ఒంటిచేత్తో నడిపించిన మనిషి ఆమె. ఆమె పదవీ విరమణతో ఆ పోటీ కూడా ఆగిపోయింది. మళ్ళీ ఎవరూ ఎత్తుకోలేదు.

వేముల దగ్గర మా పల్లెకు ఆమె ఎండలో నడిచొచ్చి, నన్ను ఆ పోటీలో ఆడనివ్వమని మా నాయనను ఒప్పించారు. ఊళ్ళ మధ్య ముఠా గొడవల రోజుల్లో ఆడపిల్లను పొరుగూరు ఎట్లా పంపాలని నాయన భయపడితే, తన పక్కనే పడుకోబెట్టుకుంటానని మాటిచ్చారు. నేను ఆడిన మూడో ఏడు మా జట్టు ఫైనల్‌కు చేరింది. ఎదుటి జట్టు జమ్మలమడుగు వైపుది. వాళ్ళ ఊరిదొక పార్టీ, మాదొక పార్టీ. అంతకు నెల ముందే రెండు వైపులా తలలు పగిలాయి.

ఆ ఉదయం మైదానం బయట రెండు జీపులు ఆగాయి. మా ఊరి పార్టీ మనిషి ఒకడు మేడం దగ్గరికొచ్చాడు.

"మా పిల్లోళ్ళు ఓడిపోతే మావోళ్ళు ఊరుకోరు మేడం. ఆట ఆపేయండి."

"ఆట ఆగదప్పా. మీయమ్మ ఆడ కూర్చోనుంది, పోయి ఆమెకు చెప్పు."

అతను తిరిగి చూశాడు. ముందు రోజే ఆమె రెండు ఊర్లకూ మనిషిని పంపి, ఆడే పిల్లల తల్లులనూ, ఆ జీపుల్లో తిరిగే మగవాళ్ళ తల్లులనూ పిలిపించారు. గీతల చుట్టూ ఈ ఊరామె పక్కన ఆ ఊరామెను కూర్చోబెట్టారు. రాయి విసిరితే ఎవరి తల్లికి తగులుతుందో ఎవరికీ తెలియదు. అతను వెళ్ళి వాళ్ళమ్మ వెనకాల నిలబడ్డాడు.

చివరి కూత నాది. పాయింట్లు సమానం. ఎదుటి కెప్టెన్ భుజం తాకి వెనక్కి దూకాను. నలుగురు నా మీద పడ్డారు. ఊపిరి అయిపోతుండగా చెయ్యి చాపితే వేళ్ళు నడిగీత దాటాయి. విజిల్ మోగింది. గెలిచాం.

అప్పుడు ఆ కెప్టెన్ తల్లి లేచి వచ్చి, నెత్తురు కారుతున్న నా మోకాలిని తన కొంగుతో తుడిచింది.

"శానా బాగా ఆడినావు పాపా," అంది.

ముందు అమ్మలు చప్పట్లు కొట్టారు. తర్వాత జీపుల్లో వచ్చినవాళ్ళు, రెండు వైపుల వాళ్ళూ. ఎస్తేరు మేడం కప్పును నా ఒక్కదాని చేతికివ్వలేదు. రెండు జట్లనూ కలిపి నిలబెట్టి అందరిచేతా ఎత్తించారు.

ఇప్పుడు నేనూ ఆమె చేసిన ఉద్యోగమే చేస్తున్నాను. ఊళ్ళో రెండు వర్గాలు మాటకు మాట పెంచుకుంటుంటే, ముందు మీ అమ్మలను పిలుచుకొని రండి, తర్వాత మాట్లాడుకుందాం అంటాను. మగవాళ్ళు నవ్వుతారు. నవ్వి, వెళ్ళి పిలుచుకొస్తారు.