మామ్మ ఫోన్లో మొదటి ఆదివారం

మా చిన్నప్పుడు... ఆమదాలవలసలో మా చర్చి. ఆడవాళ్ళ చాపల మీద ముందు వరసలో నేను, నా చేతిలో నాన్న ఫోను. రెండు గంటలపాటు కదలకుండా దాన్ని పాస్టరుగారి వైపు ఎత్తి పట్టుకోవడం నా ఉద్యోగం!

ఆ ఫోనుకి అవతల, ఇంట్లో, మా మామ్మ... నాన్న వాళ్ళమ్మ. తుంటి విరిగి మంచం పట్టాక ఇక చర్చికి వెళ్ళలేనని తెలిసి వారం రోజులు ఏడ్చింది. ఎనిమిదో రోజు కళ్ళజోడు తుడుచుకుని, "ఆ వీడియో కాలేటో నాకూ నేర్పండ్రా" అంది. డెబ్బై దాటిన మనిషి, రెండు రోజుల్లో నేర్చేసుకుంది. ఆదివారం పొద్దున్నే పొందూరు ఖద్దరు చీర కట్టించుకుని, నెత్తిన ముసుగేసుకుని, తన ఫోన్ ముందు కూర్చునేది.

ఊరికే కూర్చుంటుందా... పాట మధ్యలో నా ఇయర్‌ఫోన్స్‌లోంచి, "ఒలే గుంటా, ఇటు తిప్పు. ఎవులెవులు వచ్చినారో సూడనీ" అనేది. తిప్పేదాన్ని. "అయ్యగోరు కనపడ్నేదు, పైకెత్తు." ఎత్తేదాన్ని. చెయ్యి పీకేసేది. కిటికీలోంచి నా ఈడు పిల్లలు రైలు పట్టాల వైపు పరిగెత్తడం కనబడేది. కట్టేసిన దూడలా ఉండేది నా బతుకు. నిజం చెప్తున్నా, మామ్మ మీద ఒళ్ళు మండేది.

ఒక నెల మొదటి ఆదివారం... ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. పాస్టరుగారి మాట ఫోన్లో విని, మామ్మ ఇంట్లో తీసుకోవాలి. ప్రసంగం ఎంతకీ తెమలదే! ఇక నా వల్ల కాలేదు. డేటా ఆపేసి బయటికి జారుకున్నాను. అడిగితే సిగ్నల్ పోయిందని చెబితే సరి. గూడ్సు బండి వెళ్తుంటే చేతులూపుతూ... ఎంత హాయిగా ఉందో!

మధ్యాహ్నం అమ్మానాన్నల కంటే ముందే ఇంటికొచ్చాను. మామ్మ ఇంకా ఫోన్ ముందే ఉంది. ముసుగు తియ్యలేదు. అమ్మ పొద్దున్న పెట్టి వెళ్ళిన రొట్టెముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం... ముట్టుకోలేదు. బల్ల తీసుకునేదాకా ఆవిడ మంచినీళ్ళు కూడా తాగదు.

"సిగ్నల్ పోనాదే గుంటా. వస్తాది, వస్తాదని కూకున్నాను. అయ్యగోరు తీసుకోమన్నారా?"

తల ఊపాను. మెల్లగా తప్పించుకుందామంటే నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు దగ్గరుండి యిన్నావు కదా... ఆ మాటలు నువ్వే సెప్పు. తీసుకుంతాను."

పదకొండేళ్ళ దాన్ని. నేను అసలు వినని మాటల్ని, పాత ఆదివారాల నుంచి గుర్తు తెచ్చుకుని చెప్పాను. మామ్మ కళ్ళు మూసుకుని "ఆమేన్" అంది. రొట్టె నోట్లో పెట్టుకుంది.

ఆ తర్వాత ఏ ఆదివారమూ నేను లేచి వెళ్ళలేదు. నిజం మాత్రం, ఆవిడ పోయేదాకా చెప్పలేదు.

ఇప్పుడు మా చర్చిలో స్టాండు మీద కెమెరా, ఆరాధనంతా లైవ్... ఎవరి చెయ్యీ పీకదు. నేను మాత్రం బల్ల రోజున ఇప్పటికీ తలెత్తలేను. మీరూ ఎవరి దగ్గరైనా ఇలాంటి నిజం దాచారా? ఇక్కడ రాయండి... కాదు, ముందు వాళ్ళకే ఫోన్ చేసి చెప్పెయ్యండి, అవతల ఎత్తే మనిషి ఉండగానే.