స్పీకరు తీగ తీసిన రోజు

నా చిన్నతనంలో మాచర్ల దగ్గర మా ఊళ్లో రేడియో ఉన్న ఇళ్లు ఒకటో రెండో. వాటిలో మాదొకటి. మా మామయ్య, అంటే అమ్మకి తమ్ముడు, సాగర్ డ్యాం పనుల దగ్గర వైర్‌లెస్ సెట్లు బాగుచేసే ఉద్యోగంలో ఉండేవాడు. అక్క కోసం ముచ్చటపడి కొనుక్కొచ్చిన బ్యాటరీ రేడియో అది. మా నాయనమ్మకి ఆ పెట్టె అంటే గిట్టేది కాదు. అమ్మకి మాత్రం అది పాడందే పొద్దు పొడిచేది కాదు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మా మనవరాలు నరసరావుపేటలో కంప్యూటర్లు బాగుచేసే కోర్సు చదువుతోంది. నిన్న నా ఎదుట కూర్చుని పాఠం వల్లె వేస్తోంది. కీబోర్డు, మౌసు ఇన్‌పుట్ అట. మనం చెప్పేది వాటి గుండా లోపలికి పోతుంది. లోపల ప్రాసెసర్ ఆలోచిస్తుంది, మెమరీ గుర్తుపెట్టుకుంటుంది. మానిటరు, స్పీకరు అవుట్‌పుట్, జవాబు బయటికొచ్చే దారి. చేత్తో తాకగలిగేదంతా హార్డ్‌వేర్, దాన్ని నడిపిస్తూ చేతికి దొరకనిది సాఫ్ట్‌వేర్. ఇంత చెప్పి, “నీకివి అర్థం కావులే అమ్మమ్మా” అంది. నాకు ఒళ్లు మండింది. నాకా అర్థం కానిది! ఆ పేర్లు తెలియవు గానీ, ఆ పాఠం నేను పదేళ్లప్పుడే నేర్చుకున్నాను. నేర్చుకోకపోతేనే బాగుండేదని ఏడ్చాను కూడా.

ఆ ఏడు మిరపకోతల్లో అమ్మ చేలోనే కూలబడిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి, మూతి వంకరపోయింది, మాట పడిపోయింది. గుంటూరు తీసుకుపోతే ప్రాణానికి భయం లేదన్నారు, మాట సంగతి మాత్రం చెప్పలేమన్నారు. ఇంటికి తెచ్చి వసారాలో మంచం వేశారు. మొదట్లో వచ్చినవాళ్లంతా ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చేవాళ్లు. తర్వాత తర్వాత ఆ మంచం అందరికీ అలవాటైపోయింది. అమ్మ చూపు ఎప్పుడూ పైన దూలాల మీదే ఉండేది, పిలిచినా తిరిగేది కాదు.

మా ఇళ్లల్లో కాయలు ఎండాక ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తారు. చేతులు ఆడుతుంటే నోళ్లు కూడా ఆడతాయి, ఊళ్లో సంబంధాలు సగం ఆ రాశి దగ్గరే కుదురుతాయి. మా వసారాలో రాశి అమ్మ మంచం పక్కనే పోశారు. అక్కడే మా నాయనమ్మ నాన్నకి రెండో పెళ్లి మాట ఎత్తింది. వయసులో ఉన్నవాడు, మగపిల్లాడు లేడు, ఇంట్లో ఉడకేసి పెట్టే దిక్కు లేదు. రెంటచింతల వైపు ఓ పిల్ల ఉందని ఒకామె, పిల్ల ఒడ్డూ పొడుగూ ఎలాంటిదో ఇంకొకామె. ఎవరూ గొంతు తగ్గించలేదు. “దానికేం తెలుసుద్ది, కట్టె మాదిరి పడుంటే” అనేది నాయనమ్మ. నేనూ అంతే అనుకున్నాను. పెద్దవాళ్లు అన్నాక నిజమే కదా అనుకునే వయసు.

ఈ సంగతి చెవిన పడి మామయ్య వచ్చాడు. అక్కకి అన్నీ తెలుస్తున్నాయని నాన్నతో గొడవపడ్డాడు. నాన్న తల వంచుకుని విని, అదే నిజమైతే పెళ్లి ఊసు ఎత్తనని మాట ఇచ్చాడు. ఆ మాట పట్టుకుని మామయ్య రాత్రంతా నిద్రపోలేదు.

పొద్దున్నే రేడియో పెట్టాడు. పాట సగంలో ఉండగా వెనక చెక్క విప్పి ఏదో చేశాడు, గొంతు టక్కున ఆగిపోయింది. “ఏమే కోడలు పిల్లా, ఏంది దీని సంగతి?” అన్నాడు. చచ్చిపోయింది మామయ్యా అన్నాను. నవ్వలేదు. తన సంచిలోంచి చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్ తీసి, ఊడదీసిన తీగలకి తగిలించి నా చెవికి పెట్టాడు. సన్నగా, ఎక్కడో బావి అడుగున పాడుతున్నట్టు, అదే పాట! ఒక్క ముక్క పోలేదు. గాల్లోంచి పాట వస్తూనే ఉంది, లోపల బల్బులు పనిచేస్తూనే ఉన్నాయి. ఊడింది స్పీకరు తీగ ఒక్కటే. “మీ అమ్మా ఇంతేనే. అన్నీ ఇంటది. బయటికి రాదంతే” అని, అంత పెద్ద మనిషీ వెక్కి వెక్కి ఏడ్చాడు.

నేను ఒక్క ఉరుకున అమ్మ దగ్గరికి పోయాను. బాగున్న ఎడమ చేతిలో నా వేలు పెట్టి, వినపడితే నొక్కమ్మా అన్నాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత నొక్కింది. గట్టిగా, గోరు దిగేలా నొక్కింది. ఆమె కంటి కొసన నీళ్లు. నేను ఇల్లెగిరిపోయేలా కేకపెట్టాను. నాయనమ్మ వచ్చి, “నరాలు గుంజుతుంటయ్యే పిచ్చిదానా” అంది. మామయ్య మాత్రం నాన్నని చెయ్యి పట్టి లాక్కొచ్చి మంచం మీద కూర్చోబెట్టాడు.

నాన్న అమ్మ చేతిలో తన వేలు పెట్టాడు. “నా మాట ఇనపడతందా?” అని అడిగాడు. అమ్మ దూలాల మీంచి చూపు దించి ఆయన్నే చూసింది. చెయ్యి కదలలేదు. మళ్లీ అడిగాడు. “నొక్కవే అక్కా, నీ కాళ్లు పట్టుకుంటా” అన్నాడు మామయ్య. నొక్కలేదు. చూస్తూనే ఉంది, నొక్కలేదు. నాన్న లేచి చేలోకి పోయాడు. మామయ్య ఆ మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయాడు.

పెళ్లయింది. మా పిన్ని చెడ్డదేం కాదు, అమ్మకి ముద్ద కలిపి పెట్టేది కూడా. కానీ నాకు నరకం అప్పుడే మొదలైంది. అంతకుముందు ఆ మాటలు అమ్మకి చేరట్లేదనుకునేదాన్ని. ఇప్పుడు ఇంట్లో ప్రతి మాటా, ప్రతి నవ్వూ, గది తలుపు గడియ చప్పుడూ ఆమెకి చేరుతోందని నాకు తెలుసు. తట్టుకోలేక నా అరచేతులతో ఆమె చెవులు మూసేదాన్ని. ఎడమ చేత్తో నెమ్మదిగా తీసేసేది. మళ్లీ కోతల దాకా బతకలేదు.

ఎందుకు నొక్కలేదు? ఇంత వయసొచ్చినా నాకు అంతుపట్టలేదు. నేను బతికున్నానని మొగుడి ముందు రుజువు చేసుకోవాలా అనుకుందో, అన్నీ విన్నాక ఇక చెప్పేదేం లేదనుకుందో. ఇవాళ కూడా మనవరాలు ప్రాసెసర్, మెమరీ అంటూ పాఠం అప్పజెబుతుంటే వింటున్నాను గానీ, నా ప్రశ్నకి అందులో జవాబు లేదు.

ఆసుపత్రుల్లో, ఇళ్లల్లో మాట పడిపోయినవాళ్ల మంచం చుట్టూ చేరి జనం పొలం పంపకాల దగ్గర్నుంచి దినాల వంటల దాకా మాట్లాడుకుంటుంటే నేను కూర్చోలేను. లేచి, ఆ మనిషి ముఖం మీదకి వంగి, నేను ఫలానా, నిన్ను చూడ్డానికొచ్చాను అని చెప్తాను. చెప్పి, వాళ్ల చేతిలో నా చెయ్యి పెడతాను. నొక్కమని మాత్రం అడగను.